ఏడో దిమ్మ నుంచి సున్నా

నాలుగో రోజు

ఆఫీసు చిట్టాలో "ఉత్తరాలన్నీ సవ్యంగా చేరాయి" అని రాసి సంతకం పెట్టాను. అంతకంటే అక్కడ రాయనివ్వరు. అనుమానాలు రాసుకోవడానికి అందులో గడి లేదు కాబట్టి ఈ చిట్టా విడిగా మొదలుపెడుతున్నాను. పాడైపోయిన తెరలు పడేసే పెట్టెలో అడుగున దాస్తాను. ఆ పెట్టె జోలికి నేను తప్ప ఎవరూ పోరు. పోయినా నాకు తెలిసిపోతుంది, పైన దుమ్ము అలాగే ఉంచాను.

సంగతేమిటంటే, ఏడు దిమ్మలకూ సమ్మతి లేఖ పంపి నాలుగు రోజులైంది. సముద్రంలో ఇనప కాళ్ళ మీద నిలబడ్డ ఈ దిమ్మల్లో ఏడోదాన్ని విప్పేసి, ఆ ఇనుముతో మేముండే ఒకటో దిమ్మ కాళ్ళు బాగుచేయాలని సంఘం తీర్మానించింది. ఏడో దిమ్మలో ఉన్న మూడొందల పదహారు ఇళ్ళ వాళ్ళనీ మిగతా ఆరింటిలో ఎక్కడ చోటుంటే అక్కడ సర్దుతారట. పది రోజుల్లోగా ఆ దిమ్మలో మూడో వంతు ఇళ్ళు, అంటే నూట ఆరు, అభ్యంతరం చెబితే తీర్మానం ఆగిపోతుంది. నోరు మెదపని ఇల్లు ఒప్పుకున్నట్టే లెక్క.

ఇవాళ పొద్దుటికి రెండో దిమ్మ నుంచి పద్నాలుగు అభ్యంతరాలు వచ్చాయి. లెక్కలో వాళ్ళకు చోటే లేదు, అయినా రాశారు. కొత్తవాళ్ళొస్తే స్నానాల గది దగ్గర వరస పెరుగుతుందని వాళ్ళ ఏడుపు. మూడో దిమ్మ నుంచి ఐదు. ఏడో దిమ్మ నుంచి సున్నా.

ఏడో దిమ్మ వాళ్ళంటే ఎవరనుకున్నారు! చేపల పడవ పది నిమిషాలు ఆలస్యమైతే నలభై ఫిర్యాదులు రాసే జనం. కూర్చున్న కొంపనే విప్పేస్తామంటే ఒక్కరూ ఉలకరు, పలకరు? నేను నమ్మను.

నా పని ఉత్తరాలు కూర్చడం. పన్నెండేళ్ళుగా అదే పని. ఒడ్డు మునిగిన ఏడాది, ఒకప్పుడు సముద్రంలో చమురు తోడిన ఈ దిమ్మల మీదికి జనం ఎక్కినప్పుడు ఎవరి చేతికి దొరికిన యంత్రం వాళ్ళు తెచ్చుకున్నారు. కొత్తవి చేసేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. నాలుగో దిమ్మలో లావుపాటి కంప్యూటర్లు, వాటికి టేబుల్, అంటే గడుల పట్టిక, తప్ప ఇంకో భాష తెలియదు. ఐదో దిమ్మలో నాలుగు వేళ్ళ వెడల్పు ఫోన్లు. మూడో దిమ్మ యంత్రాలు ఉత్తరం బరువు వంద కేబీ దాటితే కింది భాగం కత్తిరించి పారేస్తాయి. ఆరో దిమ్మవి సాయంత్రమైతే నలుపు తెలుపు చేసి, తెలుపు నలుపు చేసి చూపిస్తాయి. ఏడో దిమ్మలో ఇంటికో పలక, వేలితో తాకి నడిపేది. ఈ అన్నిటి మీదా ఒకే ఉత్తరం ఒకేలా కనిపించాలి. అందుకే టేబుల్‌లో టేబుల్ పెట్టి, ప్రతి గడికీ దాని రంగూ కొలతా దానికే రాసి, వరసల మధ్య వత్తులు తెగకుండా ఎడం వదిలి కూరుస్తాను. చూసినవాడికి చాదస్తం. కానీ నా ఉత్తరం ఎక్కడా ఒరగలేదు, విరగలేదు.

అందుకే ఆ సున్నా నాకు మింగుడుపడటం లేదు.

ఐదో రోజు

నేను కూర్చిన ఉత్తరాన్ని రేడియోకెక్కించి పంపేది పక్కగదిలోని ఇమ్మానుయేలు. పన్నెండేళ్ళలో ఇద్దరం ఒక్క పొల్లుమాట అనుకోలేదు. ఇప్పుడు అదే నాకు అనుమానంగా ఉంది.

"ఏడో దిమ్మ కట్ట వెళ్ళిందాండీ?" అని మామూలుగా అడిగినట్టు అడిగాను.

"ఆయ్, వెళ్ళిందండి. మూడొందల పదహారిటికీ రసీదులొచ్చేశాయి. ఏవండీ, ఏదన్నా తేడానా?"

"అబ్బే, ఊరికే."

"ఊరికే అడిగే మనిషి కాదు గదండీ తమరు," అని నవ్వాడు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆ నవ్వు. అతను భోజనానికి వెళ్ళగానే గదిలోకి వెళ్ళి రసీదులన్నీ చదివాను. మూడొందల పదహారూ ఉన్నాయి, వరసగా, వేళతో సహా. ఒక్క తప్పు లేదు. మరీ అంత శుభ్రంగా ఉండటం కూడా నాకు నచ్చలేదు. పైగా ఈ మధ్య దివాకరంగారి గదికి టీ తీసుకెళ్ళేది కూడా ఇతనే. దివాకరంగారు మా అధికారి. ఆయన ముద్ర పడనిదే ఉత్తరం గడప దాటదు. ఆయనకు టీ మోయాల్సిన అవసరం ఇమ్మానుయేలుకు ఏమొచ్చింది?

మధ్యాహ్నం ఉత్తరం బరువు చూశాను. డెబ్బై ఒక్క కేబీ, కత్తిరింపు ఎక్కడా లేదు. తర్వాత పరీక్ష అర దగ్గర కూర్చున్నాను. దిమ్మకొకటి చొప్పున ఏడు యంత్రాలు అక్కడ ఉంటాయి. ఏ ఉత్తరమైనా ఆ ఏడింటి మీదా తెరిచి చూసి, పుస్తకంలో ఏడు సంతకాలు పెట్టాకే బయటికి వెళ్ళాలి. ఏడో దిమ్మ పలక మీద సమ్మతి లేఖ తెరిచాను. చక్కగా వచ్చింది. "అభ్యంతరం ఉన్నవారు కింది బటన్ నొక్కండి" అన్న వాక్యం, దాని కింద సంఘం ముద్రతో గుండ్రటి అంచుల ఎర్ర బటన్, దాని మీద తెల్ల అక్షరాలు. నొక్కితే పని చేసింది కూడా.

ఇంత బాగున్నదాన్ని అక్కడ ఎవరూ నొక్కరేమిటి?

ఆరో రోజు

ఇంకా సున్నాయే. నాలుగో దిమ్మ నుంచి ఎవరో "బటన్ అందంగా ఉంది" అని కూడా రాశారు.

రాయకూడదనుకున్న సంగతి ఒకటి రాయక తప్పడం లేదు. ఏడో దిమ్మ వాళ్ళు మా ఉత్తరాల్లో బొమ్మలు తెరవరు. ఉత్తరం తెరవగానే వాళ్ళ పలక "బొమ్మలు చూపించాలా?" అని అడుగుతుంది. వద్దంటారు. ఐదేళ్ళుగా ఆ దిమ్మ అంతా వద్దనే అంటోంది. ఒట్టు పెట్టుకున్నారు.

దానికి కారణం నేనే. ఐదేళ్ళ కిందట ఉత్తరాల అడుగున ఒక చుక్క పెట్టాను. అదీ బొమ్మే, కాకపోతే కంటికి ఆనదు. బొమ్మలు చూపించమనగానే పలక ఆ చుక్క కోసం మా యంత్రాన్ని అడుగుతుంది. దాంతో ఫలానా ఇల్లు ఫలానా వేళకు ఉత్తరం తెరిచిందని మాకు తెలిసిపోతుంది. దివాకరంగారు పెట్టమన్నారు. ఎంతమంది చదువుతున్నారో తెలిస్తే మంచిదేగా అన్నారు. నాకూ మంచిదే అనిపించింది. నా ఉత్తరాలు ఎంతమంది చూస్తున్నారో తెలుసుకోవాలన్న సరదా నాకూ ఉంది, లేదంటే అబద్ధం.

ఆ వానాకాలం మూడు రోజులు పడవలు కదలకూడదని ఉత్తర్వు వెళ్ళింది. అయినా వేటకెళ్ళిన వాళ్ళలో, ఉత్తరం తెరవని ఇళ్ళ వాళ్ళను తెలియక చేశారని వదిలేశారు. తెరిచిన ఇళ్ళ పడవలు లాక్కున్నారు. ఏడో దిమ్మలో పదకొండు పడవలు పోయాయి. అందులో ఒకటి మా బావది. ఉత్తరం వచ్చేసరికి బావ నడిసముద్రంలో వల వేస్తున్నాడు. ఇంటి దగ్గర మా అక్క అప్పలకొండ దాన్ని బొమ్మలతో సహా తెరిచింది. చెల్లెలు కూర్చిన ఉత్తరం ఎంత ముచ్చటగా ఉందో చూద్దామని తెరిచింది. తెరిచిన ఇల్లంటే తెలిసిన ఇల్లే అన్నారు.

అప్పటి నుంచి అక్క నాతో మాట్లాడలేదు. నేనూ వెళ్ళలేదు. ఏం మొహం పెట్టుకుని వెళ్ళను?

సరే, బొమ్మలు తెరవరు. అయినా బటన్ కనిపించి తీరాలి. బొమ్మలు మూసుకున్నవాళ్ళకు కూడా కనిపించేలా కూర్చడమే నా విద్య. ముద్ర బొమ్మను అక్షరాల వెనక పరుస్తాను. ఆ బొమ్మ కింద గడికి ఎర్ర రంగు పూస్తాను. బొమ్మ రాకపోతే రంగు మిగులుతుంది, రంగు మీద తెల్ల అక్షరాలు ఉంటాయి. ఇది నేను నిద్రలో కూడా మరచిపోని పని. కాబట్టి తప్పు నా దగ్గర లేదు. మధ్యలో ఎవరో చెయ్యి పెట్టారు.

ఇవాళ టీ పళ్ళెంతో వెళుతూ ఇమ్మానుయేలు నా తెర వైపు చూశాడు. తెర తిప్పేశాను.

ఏడో రోజు

పరీక్ష అర ముందు నిలబడి, ఏడో దిమ్మ పలక మీద ఆ ఉత్తరాన్ని పదోసారో పదకొండోసారో తెరిచాను. అప్పుడు తట్టింది. ఈ పలక నన్ను ఏమీ అడగడం లేదు. "బొమ్మలు చూపించాలా?" అని అడగాలి కదా. ఎందుకు అడగదు?

ఎందుకంటే అడగొద్దని దానికి చెప్పింది నేనే. ఏ ఏడాదో గుర్తులేదు. ప్రతి పరీక్షకూ ఆ ప్రశ్న అడ్డుపడి విసుగేసి "ఎప్పుడూ చూపించు" అని నొక్కేశాను. అప్పటి నుంచి ఏడో దిమ్మవాళ్ళు చూసేది ఒకటి, ఏడో దిమ్మ పేరున నేను చూసి సంతకం పెట్టేది ఇంకొకటి.

ఆ అమరిక తీసేసి మళ్ళీ తెరిచాను. "అభ్యంతరం ఉన్నవారు కింది బటన్ నొక్కండి." దాని కింద తెల్లగా నాలుగు వేళ్ళ ఖాళీ. అంతే.

ఖాళీ మీద వేలు పెట్టి లాగాను. నీలం గీత పాకింది, అందులో తెల్లగా "మాకు అభ్యంతరం ఉంది" అని తేలింది. వేలు తీస్తే మళ్ళీ మాయం. తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలు. బటన్ అక్కడే ఉంది, మూడొందల పదహారు పలకల మీదా ఉంది. ఎర్ర రంగు మాత్రం ఎవరో తీసేశారు.

కోడు పాత ప్రతులు తిరగేశాను. ఎవరు ఏ రోజు ఏ ముక్క మార్చారో అందులో పేరుతో సహా ఉంటుంది. రంగు తీసింది పదమూడు రోజుల కిందట, మధ్యాహ్నం మూడు గంటలకు.

పేరు: పెమ్మాడి నూకరత్నం. నేనే!

నా పేరు వాడుకుని ఎవరో దూరారు. అలా చేయగలిగింది పక్కగదిలో ఉండేవాడే. రేపు తేల్చుకుంటాను.

ఎనిమిదో రోజు

తేలింది. తేలకపోయినా బాగుండేది.

పొద్దున్నే ఇమ్మానుయేలు గదిలోకి వెళ్ళి తలుపు వేశాను. నా పేరుతో నా కోడు ఎందుకు ముట్టుకున్నారని ముఖం మీదే అడిగేశాను. అతను కోప్పడలేదు. అదే నన్ను ఇంకా చంపింది.

"రత్నంగారూ, ఆ రోజు మీరే మార్చారండి. నేనక్కడే ఉన్నాను. నాలుగో దిమ్మ కంప్యూటర్ మీద ముద్ర గుండ్రటి మూలల వెనక ఎర్ర రంగు చతురస్రంగా బయటికి కనబడింది. దివాకరంగారు చూసి, ఆ ఎర్ర అంచు అసయ్యంగా ఉంది తీసెయ్యమ్మా అన్నారు. మీరు సరేనని నిలబడే తీసేశారు. కూర్చోను కూడా లేదండి."

గుర్తొచ్చింది. ఆకలేస్తోంది, వంటశాల మూసేస్తారన్న తొందరలో ఉన్నాను. అంచు వికారంగా ఉన్న మాట నిజమే. నాలుగో దిమ్మలో బొమ్మలు ఎలాగూ వస్తాయి కదా అనుకున్నాను. ఆ క్షణంలో ఏడో దిమ్మ నా బుర్రలోనే లేదు. తర్వాత ఏడింటి మీదా మళ్ళీ పరీక్షించాను, ఏడింటి మీదా బాగానే వచ్చింది.

"మరి రోజూ ఆయనకు టీ ఎందుకు మోస్తున్నారు?" అని కూడా అడిగాను, సిగ్గు లేకుండా.

"ఆయన మోకాలు వాచిందండి. మెట్లు దిగలేకపోతున్నారు."

ఇమ్మానుయేలుకు క్షమాపణ చెప్పాను. అతను తల ఊపాడు, అంతే. చెప్పడం సరిగ్గా కుదరలేదని నాకే తెలుసు.

అక్కణ్ణుంచి దివాకరంగారి గదికి వెళ్ళాను. ఆయన కాలు బల్ల మీద చాపుకుని ఉన్నారు. జరిగింది చెప్పి, సరిచేసిన ఉత్తరం ఈ పూటే మళ్ళీ పంపుదామన్నాను. ఆయన ఆశ్చర్యపోలేదు. నేను కళ్ళారా చూశాను, రెప్ప కూడా ఆర్పలేదు.

"ఒకసారి వెళ్ళిన సమ్మతి లేఖను గడువులోపల మార్చకూడదమ్మా. నిబంధన."

"కనిపించని బటన్ పెట్టి సమ్మతి ఎలా అవుతుందండీ? వాళ్ళకు కాదనే దారే లేదు కదా!"

"నేను అడిగింది అందం. చేసింది నువ్వు, పరీక్ష చేసింది నువ్వు, ఏడు సంతకాలూ నీవి."

"వాళ్ళు బొమ్మలు తెరవరని మీకు తెలుసా, తెలియదా?"

ఆయన నా వైపు చాలా నెమ్మదిగా చూశారు. "ఈ ఆఫీసులో ఆ సంగతి నాకంటే నీకే బాగా తెలియాలి. ఆ చుక్క పెట్టింది నువ్వు కదా."

ఆయన ఇంకో మాట కూడా అన్నారు. "ఒకటో దిమ్మ మూల కాలు తుప్పు తిని ఎంత పల్చబడిందో చూశావా? పోటు వచ్చినప్పుడల్లా నీ మంచం ఊగడం లేదూ? ఆ ఇనుము మనకే."

ఊగుతోంది. నిజమే. పోటు రోజుల్లో గోడ పట్టుకుని పడుకుంటాను.

బయటికొచ్చేసరికి కొత్త ఉత్తరాలు తయారుచేసే అధికారం నా పేరు నుంచి తీసేసి ఉంది. నేను మెట్లు దిగేలోపు తీసేశారు. మోకాలు నొప్పి మనిషికి చేతులు చురుగ్గానే ఉన్నాయి. ఎర్ర అంచు చూసి అసహ్యపడింది కన్నో, లెక్కలు వేసిన బుర్రో, ఇక నాకు అనుమానం లేదు. కానీ కత్తి ఆయనదైతే చెయ్యి నాది.

తొమ్మిదో రోజు

ఒక దారి మిగిలింది. రోజూ పొద్దున ఆటుపోట్ల వేళలతో ఒక ఉత్తరం ఏడు దిమ్మలకూ వెళుతుంది. దానికి దివాకరంగారి ముద్ర అక్కర్లేదు, ఇమ్మానుయేలే పంపేస్తాడు. ఏ ఉత్తరానికైనా తెరవకముందే పేరు పక్కన ఒక పలచటి వరస కనిపిస్తుంది. దాన్ని మేం ముందుమాట అంటాం. ఉత్తరం లోపల అది కనిపించకుండా దాచేస్తాం. దివాకరంగారి కంప్యూటర్‌లో ముందుమాట రానే రాదు. ఏడో దిమ్మ పలకల మీద వస్తుంది.

ఇమ్మానుయేలును అడగాలి. నిన్న అన్ని మాటలని ఇవాళ సాయం అడగడానికి సిగ్గేసింది, అయినా అడిగాను. పట్టిచ్చేస్తాడేమో అన్న అనుమానం కూడా పోలేదు, నా బుద్ధి అంత. అతను విని, "ముక్క రాసివ్వండి," అన్నాడు.

రాసిచ్చాను: "ఏడో దిమ్మ వారికి: సమ్మతి లేఖలో బటన్ ఉంది, కనిపించదు. ఖాళీ మీద వేలు పెట్టి లాగి చూడండి."

ఎనిమిది గంటలకు వెళ్ళింది. పన్నెండింటికి సున్నా. నాలుగింటికి సున్నా. ఐదున్నరకు ఒక ఉత్తరం వచ్చింది. లటుక్కున తెరిచాను. "కనిపించనిదాన్ని నొక్కమనడానికి మేం వెర్రివాళ్ళం కాదు" అని ఉంది.

తప్పు వాళ్ళది కాదు. మా ఆఫీసు నుంచి అలాంటి ముక్క వస్తే నేనూ నొక్కను.

రేపు సాయంత్రం ఆరింటితో గడువు సరి. పొద్దున పడవకు పేరు రాయించాను. ఎందుకు వెళుతున్నావని రేవు గుమస్తా అడిగితే, అక్కను చూడటానికన్నాను. అది అబద్ధమో నిజమో నాకే తెలియలేదు.

పదో రోజు

పడవలోనే రాస్తున్నాను, తిరుగు ప్రయాణంలో. అక్షరాలు వంకర పోతున్నాయి.

ఏడో దిమ్మ వల చావడిలో రోజూ మధ్యాహ్నం వినికిడి ఉంటుంది. ఆఫీసు ఉత్తరాలను ఎవరో ఒకరి పలక మీద తెరిచి, అందరికీ పైకి చదువుతారు. చుక్క భయంతో మొదలైన అలవాటట. చదివేది మా అక్క. నేను వెళ్ళేసరికి వంద మంది దాకా ఉన్నారు, వలలు ఒళ్ళో వేసుకుని. 

"ఎందుకొచ్చేవు?" అంది అక్క. ఐదేళ్ళ తర్వాత మొదటి మాట. జుట్టు బాగా నెరిసింది.

"నిన్నటి ముందుమాట నాదే అక్కా. బటన్ నిజంగానే ఉంది."

"బొమ్మ తెరిపించడానికి ఇదో ఎత్తు గావాల. కింద బటన్ నొక్కండంటారు, కింద సూత్తే ఏమీ ఉండదు. బొమ్మ తెరిత్తే కనబడుద్దని మేం తెరవాల, మీ సుక్క మమ్మల్ని పట్టుకోవాల. తెలీదేటి మాకు?"

"తెరవక్కర్లేదు. ఈసారి..."

"తెరవనోళ్ళకి తెలీనట్టేనని మీ ఆపీసే గదే సెప్పింది? తెలీనిదానికి మేం ఒప్పుకున్నట్టెలాగవుద్ది?"

అప్పుడు అర్థమైంది. వీళ్ళు నోరు మూసుకుని కూర్చున్నది బెదిరి కాదు, ధీమాగా. పోయినసారి మౌనమే వాళ్ళను కాపాడింది. తెరవని ఇళ్ళ పడవలు మిగిలాయి. ఆ పాఠమే పట్టుకుని కూర్చున్నారు.

"రూలు మారింది అక్కా. పోయినసారి తెలియనివాడు తప్పించుకున్నాడు. ఈసారి పలకనివాడు ఒప్పుకున్నట్టు. ఉత్తరంలో రెండో పేరాలో ఉంది."

"నువ్వు రాసిన పేరా."

"నేను కూర్చిన పేరా."

"నిన్ను నమ్మి ఒకపాలి తెరిసేను. ఇంక నీ సేతిది నేను నొక్కను," అంది అక్క. గొంతు పెంచలేదు. "సూసి మురిసిపోయేను కూడానూ. నా సెల్లి ఎంత బాగా సేసిందో అని పక్కింటోళ్ళకి సూపించేను."

వలల మధ్య అంతమంది చూస్తున్నారు. పారిపోవాలనిపించింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కాను, ఐదేళ్ళు కడుక్కోలేదు.

అందరికీ వినిపించేలా చెప్పాను. "ఆ చుక్క పెట్టింది నేను. పెట్టమన్నది దివాకరంగారు, పెట్టింది నేను. ఎవరు ఎప్పుడు తెరిచారో అది చెబుతుందని నాకు తెలుసు. దాంతో పడవలు లాక్కుంటారని తెలియదు. కానీ లాక్కున్నాక కూడా నేను దాన్ని తీయలేదు. మొన్నటి సమ్మతి లేఖలో కూడా ఉంది. ఈ బటన్ ఎర్ర రంగు తీసేసింది కూడా నేనే. కావాలని తీయలేదు. మీరు గుర్తుకు రాలేదు, అందుకు తీశాను."

చివరి మాట పైకి అన్నాకే, అన్నిటికంటే అదే పెద్ద తప్పని నాకు తెలిసింది. ఏడుపొచ్చింది. ఎవరూ ఓదార్చలేదు.

"ఆ ముక్క సెప్పడానికి ఐదేళ్ళు పట్టిందా?" అంది అక్క.

"పట్టింది."

అక్క ఒళ్ళో పలక తీసి సమ్మతి లేఖ తెరిచింది. బొమ్మలు చూపించాలా అంటే వద్దంది. అడుగుకు వెళ్ళి, ఖాళీ మీద వేలు పెట్టి లాగింది. వినికిడిలో చదివే గొంతుతోనే, తాపీగా, "మాకు అభ్యంతరం ఉంది," అని చదివింది.

చావడిలో గాలి కదిలినట్టయింది. వెనక నుంచి ఒక ముసలాయన అడిగాడు. "నొక్కితే మరి, మేం సదివినట్టు మీకు తెలిసిపోద్ది గదా?"

"తెలిసిపోతుంది. దాచను. ఈసారి తెలియకపోతేనే మీ ఇల్లు పోతుంది."

అక్క లేచింది. "ఇళ్ళకెళ్ళి పలకలట్టుకు రండర్రా. దీని మాట నమ్మొద్దు. మీ ఏలితో మీరే లాగి, మీ కళ్ళతో మీరే సూడండి. అప్పుడు నొక్కండి."

వచ్చారు. అక్క వరస వెంట తిరుగుతూ, చత్వారం కళ్ళ వాళ్ళ వేళ్ళు పట్టుకుని ఖాళీ మీద పెట్టి లాగింది. నీలం గీత పాకడం, అక్షరాలు తేలడం, "ఓలమ్మో, ఉందే!" అని ఒకరూ, "ఎంత మోసం!" అని ఒకరూ. మూడున్నరకు పడవ కూత వేసింది. అక్క నా వైపు తిరగలేదు. ఎవరిదో వేలు పట్టుకుని ఉంది. నేను వచ్చేశాను.

పదకొండో రోజు

ఏడో దిమ్మ నుంచి రెండొందల ముప్ఫై ఒకటి. నూట ఆరు చాలు.

సంఘం తీర్మానం ఆపేసింది. దివాకరంగారి మీదా నా మీదా విచారణ వేశారు. చుక్క సంగతీ, రంగు సంగతీ, పరీక్ష పలక సంగతీ రాసి ఇచ్చాను, ఏదీ మింగకుండా. ఉత్తరాల పని నుంచి నన్ను తీసి, ఇనుము మీద పేరిన ఉప్పు కడిగే పనిలో వేశారు. ఒకటో దిమ్మ మూల కాలికి ఏం చేస్తారో ఇంకా తెలియదు. ఇవాళ పోటుకు మంచం ఊగింది. భయమేసింది, కానీ సంతోషంగానే ఉంది.

బల్ల ఖాళీ చేసే ముందు ఇమ్మానుయేలు గదిలో కూర్చుని అభ్యంతరాల జాబితా మొత్తం చదివాను. వెతుకుతున్నది ఒక్క ఇంటినే. ఏడు-నూట పద్నాలుగు. మొదటిసారి కనబడలేదు. దాటేశానేమోనని రెండోసారి కింది నుంచి పైకి చదివాను. నూట పదమూడు ఉంది, నూట పదిహేను ఉంది.

ఇమ్మానుయేలు నా భుజం మీదుగా చూశాడు. నిన్నటి నుంచే మళ్ళీ మునుపటిలా మాట్లాడుతున్నాడు.

"మీ అక్కగారిది లేదేంటండీ? ఆవిడ పలకలో ఏదన్నా తేడా ఉందేమో. బటన్ కనబడలేదేమో పాపం."

జాబితా మూసేశాను.

"లేదండీ. అక్కకు బాగానే కనిపించింది."